ఇంటెల్ కొందామా, ఏఎండి కొందామా?

గత ఏడాది మా చిన్నమ్మాయికి ఇంజనీరింగ్‌లో సీటు వచ్చినప్పుడు ఇంటిలో ఒక కంప్యూటర్ అవసరమయింది. ల్యాప్‌టాప్ కంటే బల్ల మీద ఉండే కంప్యూటర్ అయితే అదే డబ్బుకు ఎక్కువ శక్తి వస్తుందని, చెడిన భాగాన్ని మాత్రమే మార్చుకోవచ్చని, ఇంటిల్లిపాదికీ ఉపయోగపడుతుందని భావించాము. మా వద్ద ఉన్నవి 42,000 రూపాయలు. అందులో సగానికి పైగా మా ఇల్లాలు కుట్టుపని చేసి కూడబెట్టినది.

భాగాలు విడివిడిగా కొని బిగించుకోవాలని నిర్ణయించిన నాటి నుంచి ఇంటిలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మా బావమరిది ఇరవై ఏళ్లుగా జిరాక్స్, డీటీపీ దుకాణం నడుపుతున్నాడు. “దుల్హాభాయ్, ఇంటెల్ తప్ప వేరేది ముట్టకండి. ఏఎండి పొయ్యిలా వేడెక్కుతుంది” అన్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు దీనికి పూర్తిగా వ్యతిరేకం. “మామూ, ఇంటెల్ కాలం అయిపోయింది. రైజెన్ తీసుకోండి” అని రోజుకొక వీడియో పంపేవాడు. ఇద్దరూ మా మేలు కోరినవారే. ఇద్దరి మాటల్లోనూ అభిమానం పాలు ఎక్కువ, మా ఇంటి అవసరం పాలు తక్కువ అని అప్పుడు మాకు తోచలేదు.

చివరకు పెద్దవాడి మాట విని ఇంటెల్ ఐ5-12400ఎఫ్ కొన్నాము. అదే ప్రాసెసర్ చివర ‘ఎఫ్’ లేనిది కూడా దుకాణంలో ఉంది. దాని ధర కొంచెం ఎక్కువ. తేడా ఏమిటని అడిగాము. “ఎఫ్ అంటే ఫాస్ట్, మౌలానా సాబ్” అన్నాడు కౌంటర్ వద్ద ఉన్న యువకుడు. వేగమైనది చవకగా ఎందుకు ఇస్తారని మరొక ప్రశ్న వేసి ఉంటే బాగుండేది. ఇంటికి తెచ్చి, అన్నీ బిగించి, మీట నొక్కాము. ఫ్యాన్లు తిరిగాయి, దీపాలు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. రెండు రోజులు తీగలు మార్చి చూశాము, ర్యామ్ తీసి తుడిచి పెట్టాము, మదర్‌బోర్డును అనుమానించాము. మూడవ రోజు అమ్మాయే పెట్టె మీది అక్షరాలు చదివి, “అబ్బా, ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవట” అని చెప్పింది.

విషయం ఇది. తెర మీద బొమ్మను తయారుచేసే భాగం కొన్ని ప్రాసెసర్లలో లోపలే ఇమిడి ఉంటుంది. కొన్నింటిలో ఉండదు. లేని వాటికి వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. మదర్‌బోర్డు వెనుక తెరకు తగిలించే రంధ్రం కనిపించినా, ప్రాసెసర్‌లో ఆ భాగం లేకపోతే ఆ రంధ్రం నిరుపయోగమే. తెరిచిన పెట్టెను దుకాణం వారు తిరిగి తీసుకోలేదు. 3,800 రూపాయలు పెట్టి ఒక చిన్న కార్డు కొనవలసి వచ్చింది. మదర్సాలో మేము ఏటా క్రయవిక్రయాల అధ్యాయం బోధిస్తాము. లోపమున్న సరుకును తిరిగి ఇచ్చే హక్కును, ‘ఖియారుల్ ఐబ్’ను, ఉదాహరణలతో వివరిస్తాము. కాని ఆ ప్రాసెసర్‌లో లోపమేమీ లేదు. దాని తీరే అంత. పెట్టె మీద రాసి ఉన్నదాన్ని మేము చదవలేదు, చెప్పవలసినవాడు సరిగా చెప్పలేదు.

మా మేనల్లుడు దీన్ని తన విజయంగా భావించాడు. అది కూడా సరికాదు. అతడు చెప్పిన రైజెన్ 5 5600 కొని ఉన్నా తెర అలాగే నల్లగా ఉండేది. ఆ తరంలో పేరు చివర ‘జి’ ఉన్న 5600జి వంటి వాటిలోనే గ్రాఫిక్స్ ఉంటాయి. ఏఎండి 7000 వరుస డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఈ పద్ధతి మారింది. వాటిలో ‘ఎఫ్’ ఉన్నవి తప్ప మిగిలినవాటికి సాధారణ పనికి చాలినంత గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి. అంటే కంపెనీ పేరు కంటే చివరి అక్షరమే మా డబ్బును ఎక్కువగా శాసించింది.

ఈ అభిమానాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలని ఆ తరువాత కొంత చదివాము. ఇంటెల్ 1968లో, ఏఎండి 1969లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టాయి. 1981లో ఐబిఎం తన పర్సనల్ కంప్యూటర్‌కు ఇంటెల్ ప్రాసెసర్‌ను ఎంచుకుంది. అయితే ఒకే కంపెనీపై ఆధారపడటం ఇష్టం లేక, అదే రకాన్ని తయారుచేయగల రెండవ కంపెనీ ఉండాలని కోరింది. అలా 1982 ఒప్పందంతో ఏఎండి ఆ రంగంలో నిలదొక్కుకుంది. తరువాత వారి మధ్య ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. 2009లో ఇంటెల్ 125 కోట్ల డాలర్లు చెల్లించి ఏఎండితో రాజీ చేసుకుంది. ఈనాడు ఇద్దరూ వాడుతున్న 64 బిట్ల విధానాన్ని 2003లో ముందుగా తెచ్చింది ఏఎండి. దానిని ఇంటెల్ అనుసరించింది. ఒకరి సొత్తు మరొకరిలో ఉంది. బంధువులు మాత్రం పెళ్లి విందుల్లో వాదులాడుకుంటున్నారు!

వేడి సంగతి కూడా అంతే. 2011లో వచ్చిన ఏఎండి బుల్డోజర్ వరుస కరెంటు ఎక్కువ తాగి పని తక్కువ చేసిందన్నది నిజం. మా బావమరిది జ్ఞాపకం అక్కడే ఆగిపోయింది. అంతకు ముందు ఇంటెల్ పెంటియమ్ 4 లోని ఒక తరం కూడా వేడికి పేరుపడింది. ఇటీవలి ఐ9-14900కె గరిష్ఠంగా 253 వాట్లు తీసుకోగలదు. ఇంటి పనికి వాడే చిన్న ప్రాసెసర్లలో, ఏ కంపెనీదైనా, వేడి పెద్ద సమస్య కాదు.

పోటీ వల్ల మనకు జరిగిన మేలు ఒకటుంది. 2008 చివర మొదలైన ఐ7 నుంచి 2017 ఆరంభంలో వచ్చిన ఐ7-7700 దాకా, సామాన్యులకు అమ్మిన ఇంటెల్ డెస్క్‌టాప్ ఐ7లో సాధారణంగా 4 కోర్లే ఉండేవి. కోరు అంటే పనిచేసే చేయి అనుకోండి. ఇంటెల్‌లో 8 కోర్లు కావాలంటే సుమారు వెయ్యి డాలర్లు పెట్టవలసి వచ్చేది. 2017 మార్చిలో ఏఎండి 8 కోర్ల రైజెన్‌ను 499 డాలర్లకూ అంతకన్నా తక్కువకూ తెచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ ఐ7కు 6 కోర్లు వచ్చాయి. ఈనాటి ఐ3-12100లో 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉన్నాయి. నాటి ఐ7లో ఉన్నవీ అవే. అందువల్ల పాత బజారులో “ఐ7 ఉంది” అని చెప్పి పదేళ్ల నాటి యంత్రాన్ని చూపితే తొందరపడకండి. ఐ తరువాతి అంకె కంటే గీత తరువాతి సంఖ్య ముఖ్యం. అది తరాన్ని చెబుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరేది, కొద్ది మినహాయింపులతో, ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండిలో రైజెన్ 2000 వరుస నుంచి పైవే.

ఇక మన ఇళ్లలో జరిగే పని ఏమిటి? మా ఇంటి సంగతే చెబుతాము. ఇన్‌పేజ్‌లో ఉర్దూ టైపు చేస్తాము. మక్తబా షామిలాలో వేలాది అరబీ గ్రంథాల మధ్య ఒక పదం వెతుకుతాము. ఆన్‌లైన్ పాఠాలు, అమ్మాయి ప్రోగ్రామింగ్, ఇల్లాలి కుట్టు నమూనాల వీడియోలు. వీటిలో ఏదీ ఖరీదైన ప్రాసెసర్‌ను కోరదు. షామిలాలో వెతుకులాట మా పాత కంప్యూటర్‌లో నత్తనడక నడిచేది. దానికి ఎస్ఎస్‌డి పెట్టిన తరువాత అదే ప్రాసెసర్‌తోనే చురుకుగా సాగింది. ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గి, మిగిలిన డబ్బుతో ఎస్ఎస్‌డి, 16 జీబీ ర్యామ్, నమ్మకమైన పవర్ సప్లై కొనడం మేలని మా అభిప్రాయం. వీడియో ఎడిటింగ్‌తో జీవనోపాధి పొందేవారి లెక్క వేరు. వారు మా మాట వినవద్దు.

మదర్‌బోర్డు విషయంలో రెండు కంపెనీల తీరు భిన్నం. 2017లో ఏఎండి ఏఎమ్4 బోర్డు కొన్నవారిలో చాలామంది, బయాస్ నవీకరించి, 2020లో వచ్చిన రైజెన్ 5000 వరుసను అదే బోర్డులో బిగించగలిగారు. ఆ కాలంలోనే ఇంటెల్ కొత్త తరాలకు రెండుసార్లు కొత్త బోర్డులు కావలసి వచ్చాయి. మూడు నాలుగేళ్లకు ప్రాసెసర్ మార్చే అలవాటున్నవారికి ఇది పెద్ద లాభం. ఎనిమిదేళ్లకు ఒకసారి కొనే మనవంటి ఇళ్లకు ఇది అంతగా పట్టించుకోవలసిన విషయం కాదు. ఏఎమ్4 ప్రాసెసర్‌కు సూదులు అడుగున ఉంటాయి, ఇంటెల్‌కు బోర్డులో ఉంటాయి. ఏవి వంగినా నష్టమే. పిల్లలను దూరంగా ఉంచి బిగించండి.

తప్పులు రెండు వైపులా ఉన్నాయి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజీ వల్ల అస్థిరమయ్యాయి. 2024లో కంపెనీ సవరణ విడుదల చేసి, పెట్టెలో అమ్మిన వాటికి వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. పాతది కొనేవారు బయాస్ నవీకరించారా లేదా అని అడిగి తెలుసుకోవాలి. 2023లో కొన్ని బోర్డులపై ఏఎండి రైజెన్ 7000 ఎక్స్3డి ప్రాసెసర్లు కాలిపోయాయి. అక్కడా వోల్టేజీయే కారణం, అక్కడా సవరణ వచ్చింది. పెట్టెలో సీలుతో వచ్చే ప్రాసెసర్‌కు ఇద్దరూ సాధారణంగా మూడేళ్ల వారంటీ ఇస్తారు. పెట్టె లేకుండా ‘ట్రే’ సరుకుగా అమ్మేదానికి అది వర్తించదు. ధర తక్కువని ఆశపడేముందు బిల్లులో ఏమి రాస్తారో చూడండి.

మొన్న మా పేట మస్జిద్ ఇమామ్ సాబ్ తమ పిల్లల కోసం కంప్యూటర్ కొనడానికి బయలుదేరుతూ మా సలహా అడిగారు. మా అమ్మాయి ఒక చీటీ రాసి ఇచ్చింది. ఐ3-12100 గాని, 5600జి గాని. మొదటిదానికి చివర ఎఫ్ ఉండకూడదు, రెండవదానికి చివర జి ఉండి తీరాలి. బోర్డు ధర కలుపుకుని ఆ రోజు ఏ జత తక్కువకు వస్తే అది. ఆ సాయంత్రమే యంత్రం వెలిగింది. ఏ కంపెనీది కొన్నారని మా బావమరిది ఫోన్‌లో ఆతృతగా అడిగాడు. ఇమామ్ సాబ్ లోపలికి వెళ్లి పెట్టె చూసి వచ్చి చెప్పారు.