ఇంటి విమానమునకు భీమా

రామచంద్రపురము చుట్టునుగల తూర్పు డెల్టా వరిపొలములలో ఆయిలు ఇంజను నెరుగని రైతు లేడు. కాలువ నీరందని మెరకచేనికి నీరు తోడునదియు, గోదావరి రేవులో పడవను నడుపునదియు ఇంచుమించు ఒకే విధమైన యంత్రములు. చేలో అది ఆగినచో తడి ఒకపూట ఆలస్యమగును. నడి ఏటిలో ఆగినచో పడవ ప్రవాహమున కొట్టుకొనిపోవును. ఇక గాలిలో ఆగినచో? యంత్రము మారలేదు, అది ఆగిన చోటునుబట్టి నష్టము మారినది. సొంతచేతులతో విమానము కట్టి, దానికి కారు ఇంజను బిగించినవానికి భీమా దొరకుట ఏల కష్టమో గ్రహించుటకు ఈ ఉదాహరణము చాలును.

ఇంటిలో విమానము కట్టుట వింతగా తోచవచ్చును గాని, తొలినాటి విమానములు చాలవరకు అట్టివే. 1903 డిసెంబరు 17వ తేదీన ఎగిరిన రైటు సోదరుల విమానము సైకిళ్ల దుకాణములో పుట్టినది. తగిన ఇంజను ఎచ్చటను దొరకకపోగా, వారి మెకానిక్కు చార్లెసు టేలరు ఆరు వారములలో దానిని తయారుచేసి యిచ్చెను. 1929 ప్రాంతమున అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున బెర్నార్డు పీటెన్‌పోలు ఫోర్డు మోడల్-ఏ కారు ఇంజనుతో చిన్న విమానమును నడపెను. తరువాత ఐరోపాలో ఫోక్స్‌వాగన్ కార్ల ఇంజనులు పెక్కు చిన్న విమానముల నెగురవేసినవి. మన దేశమున ముంబయి వైమానికుడు అమోల్ యాదవ్ తన నివాసభవనపు మేడపై ఆరుగురు కూర్చుండదగు విమానమును నిర్మించెను. అది 2017లో రిజిస్టరు కాగా, ఎగురుటకు అనుమతిపత్రము 2019లో లభించినది.

కారు ఇంజనుపై మక్కువకు కారణము దాని వెల. ప్రభుత్వ ధ్రువీకరణము పొందిన విమాన ఇంజను సామాన్యునికి అందనిది; కారు ఇంజను సులభముగ దొరకును. అయితే రోడ్డుపై పోవునపుడు కారు ఇంజను తన శక్తిలో కొద్దిభాగమునే వెచ్చించును. విమానములో అది గంటల తరబడి తన శక్తిలో అధికభాగమును ఎడతెగక ఈయవలెను. కారు ఇంజను మిక్కిలి వేగముగ తిరిగినగాని పూర్తి బలము చూపదు. ప్రొపెల్లరు అంతటి వేగమున కోర్వదు. అందుచే నడుమ గేర్లనో బెల్టునో అమర్చవలసివచ్చును. ఆ కూర్పులో పుట్టు ప్రకంపనములు ఇరుసులను విరుగగొట్టిన సందర్భములు కలవు. విమాన ఇంజనులలో సాధారణముగ సిలిండరు ఒక్కింటికి రెండు స్పార్కుప్లగ్గులుండును. ఒకటి చెడినను వేరొకటి ఆదుకొనును. రోడ్డు ప్రక్కన ఆగగల కారునకు అట్టి జాగ్రత్త అవసరము లేదు.

భీమా వ్యాపారమునకు పునాది పలువురి అనుభవము. 1925లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీని స్థాపించిన నాటికే తెలుగువారికి ఈ సూత్రము పరిచితము: వేయిమంది కొద్దికొద్దిగా చెల్లించిన సొమ్ము నష్టపడిన కొద్దిమందిని కాపాడును. ఆ వేయిమందిలో ఎందరికి నష్టము కలుగునో పూర్వానుభవము చెప్పవలెను. ఒకే తీరుగ తయారైన వేలకొలది ఇంజనులకు అట్టి చరిత్ర ఉండును. ఒకడు తన కొట్టములో కూర్చిన ఒకే ఒక ఇంజనుకు చరిత్ర యేది? లండనులోని లాయిడ్సు సంస్థవారు 1911లో విమాన భీమా ఆరంభించి, ప్రమాదములు వరుసగా సంభవించుటచే మరుసటి ఏడాదియే దానిని నిలిపివేసిరి. లెక్క తెలియనిచోట వెల కట్టుట అంతటి కష్టము.

కావున భీమాదారు చరిత్రను కోరును. అమెరికాలో స్వయంనిర్మిత విమానమును జనావాసములకు దూరముగ పరీక్షించు కాలము, ఇంజనును ప్రొపెల్లరును ధ్రువీకరింపబడిన జత యైనచో సాధారణముగ 25 గంటలు. కానిచో 40 గంటలు. ఆ అదనపు పదునైదు గంటలు అనుభవలోపమునకు చెల్లించు సుంకము వంటివి. ఈ పరీక్షాకాలమున విమానము పాడైనచో పరిహారమీయక, ఇతరులకు కలుగు నష్టమునకు మాత్రమే హామీ ఇచ్చుటయు కలదు. నిర్మాత వ్రాసికొన్న దినచర్య, ప్రతి మరమ్మతు, ప్రతి ఆటంకము అపుడు సాక్ష్యములగును. భీమా ఒప్పందమునకు పరమవిశ్వాసము ప్రాణము. 1963 నాటి మన సముద్రయాన భీమా చట్టము ఈ ధర్మమునే శాసించినది. పాత ఇంజను తీసి వేరొకటి బిగించి, ఆ మార్పును దాచినవానికి, ఆపదనాడు పాలసీ ఉత్త కాగితమే కావచ్చును.

ఇచట ముఖ్యమైన భేదము ఒకటి కలదు. తన విమానము తానే పోగొట్టుకొన్నచో అది నిర్మాత సొంత నష్టము. అది ఒకని ఇంటికప్పుపై పడినచో ఆ గృహస్థు ఏ సాహసమునకును సమ్మతించినవాడు కాడు. అందుకే ఐరోపా సమాఖ్య 2004లో చేసిన నిబంధన తేలికపాటి విమానములకు సైతము మూడవ వ్యక్తి భీమాను విధించినది.

ఈ ప్రశ్న డెల్టా విద్యార్థులకు దూరమైనది కాదు. వరిచేలపై మందుచల్లు డ్రోను సైతము మనిషి ఎక్కని విమానమే; పెట్రోలు ఇంజనుకు బదులు విద్యుత్తు మోటార్లు దానిని మోయుచున్నవి. విడిభాగములు కొని అట్టి యంత్రమును కూర్చుటకు నేడు బడిపిల్లలే పూనుకొనగలరు. 2021 నాటి డ్రోను నియమములు, చదువుకొరకును వినోదముకొరకును ఎగురవేయు 25 కిలోలలోపు నమూనాలకు టైపు సర్టిఫికెట్టు అక్కరలేదని సడలింపునిచ్చినవి. కాని మూడవ వ్యక్తి భీమా నుండి మినహాయింపును 250 గ్రాములకు మించని నానో డ్రోనులకే పరిమితము చేసినవి.

ఈ రెండు నియమములను ప్రక్కప్రక్కన నుంచి తరగతిలో చదువుట మేలు. కట్టి చూడుమని బాలునకు చట్టము స్వేచ్ఛ ఇచ్చుచున్నది. ఆ యంత్రము క్రింద, నడుమువంచి ఊడ్పులు ఊడ్చుచున్న కూలితల్లి గలదని వెంటనే జ్ఞాపకము చేయుచున్నది. ఎగురవేయుటకు ముందు ఆ బాలుడు తన యంత్రము ఎన్ని గంటలు నడచినదో, ఎన్నిసార్లు ఆగినదో ఒక నోటుపుస్తకమున నిజాయితీగా వ్రాసికొన్నచో, ఆమె క్షేమమునకు తొలి హామీ ఆ పుటలలోనే దొరకును.