హిమసంపాతం: మంచుపొరల నిర్మాణం, పర్వతయాత్రికుల అంచనాలు

తెలుగులో ‘మంచు’ అన్న ఒక్క మాట గడ్డిపై నిలిచిన బిందువుకూ, పొద్దుటి పొగమంచుకూ, హిమాలయాలపై కురిసే తునకలకూ సరిపోతుంది. ‘హిమపాతం’ విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. మంచు కురవడాన్నీ, పేరుకున్న మంచు వాలు నుంచి తెగి జారిపడడాన్నీ వార్తాపత్రికలు ఆ మాటతోనే సూచిస్తున్నాయి. మంచు ఎరుగని నేలపై పెరిగిన భాషకు ఇది లోపమని అనలేము. అయితే తెలుగువారు కూడా హిమాలయ యాత్రలకు వెళ్తున్న ఈ కాలంలో రెంటినీ వేరుచేయడం అవసరం. అందుచేత ఈ వ్యాసంలో రెండవ అర్థానికి ‘హిమసంపాతం’ అన్న పదాన్ని వాడుతున్నాను.

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా-2 శిఖరం (5,670 మీటర్లు) సమీపంలో ఉత్తరకాశీకి చెందిన నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణార్థులు, శిక్షకులు హిమసంపాతంలో చిక్కుకున్నారు. 27 మృతదేహాలను వెలికితీసిన తర్వాత కూడా ఇద్దరి జాడ తెలియలేదు. అది నడిశీతకాలం కాదు, ఆరోహణకు అనుకూలమని భావించే శరదృతువు. చిక్కుకున్నవారు అనుభవం లేని విహారయాత్రికులూ కారు. కనుక అజాగ్రత్త అన్న ఒక్క మాటతో ఇటువంటి ఘటనలను వివరించడం సరికాదు.

వాలుపై మంచు ఒకే ముద్దగా ఉండదు. ప్రతి తుపానూ ఒక పొరను చేర్చిపోతుంది. నేలను ఆనుకున్న మంచు సున్నా డిగ్రీల చేరువలో ఉంటే, పైపొర రాత్రివేళ ఎంతో చల్లబడుతుంది. ఈ తేడా మీటరు లోతుకు సుమారు 10 డిగ్రీలు దాటినప్పుడు అడుగునుంచి నీటియావిరి పైకి ప్రసరించి, స్ఫటికాలను పెద్ద పలుకులుగా మారుస్తుంది. అవి పంచదార పలుకుల వలె ఒకదానినొకటి అంటిపెట్టుకోవు. మంచు పలుచగా ఉన్నచోట ఈ తేడా మరింత తీవ్రం కనుక బలహీనపొర అక్కడే సులభంగా ఏర్పడుతుంది. తక్కువ మంచు ఉంటే తక్కువ ప్రమాదమన్న సామాన్యుల ఊహ ఇక్కడ తలకిందులవుతుంది.

ఆ పలుకులపై కొత్తమంచు కురిసినా, గాలి ఎదుటివైపు మంచును ఎత్తి శిఖరరేఖకు ఆవలి వాలుపై చేర్చినా గట్టి పలక ఏర్పడుతుంది. మనిషి బరువుకు అడుగుపొర ఒకచోట కూలితే, ఆ కూలడం క్షణాల్లో వాలంతా పాకి పలక మొత్తం తెగిపోతుంది. పాదాల కింద ‘ధుమ్’మన్న మూగశబ్దం వినిపించడం, మంచుపై పగుళ్లు పరుగెత్తడం దీనికి నమ్మదగిన సూచనలు. ఇటువంటి హిమసంపాతాలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులలో సంభవిస్తాయి. నడవడానికి, స్కీయింగుకు మనల్ని ఆకర్షించే వాలులు కూడా అవే.

ముందు వెళ్లినవారి అడుగుజాడలు భద్రతకు రుజువు కావు. పలక మందంగా ఉన్నచోట తొమ్మిదిమంది దాటిపోవచ్చు; అంచున, పలుచనిచోట పదవవాడి అడుగు బలహీనపొరను తాకవచ్చు.

అన్ని ప్రమాదాలూ ఈ కోవకు చెందవు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లోని సోనం స్థావరంపై హిమకుడ్యం కూలి పదిమంది సైనికులు సమాధి అయ్యారు. వారిలో కర్నూలు జిల్లావాసి ఒకరు. ఆరు రోజుల తర్వాత ఒక సైనికుడు సజీవంగా దొరికినా, ఆసుపత్రిలో మరణించారు. అది అపురూపమైన మినహాయింపు. మంచులో పూర్తిగా కూరుకుపోయినవారిలో మొదటి పావుగంటలో బయటపడినవారు అత్యధికంగా బతుకుతారు. అరగంట దాటాక మూడింట రెండువంతుల మంది ఊపిరాడక మరణిస్తారు. హెలికాప్టరు సాధారణంగా అంత త్వరగా చేరలేదు. కనుక ప్రాణరక్షణ తోటివారి చేతిలోనే ఉంటుంది. ప్రతి ఒక్కరివద్దా 457 కిలోహెర్ట్‌జ్ సంకేతయంత్రం, శోధనకడ్డీ, పార ఉండాలి. ఇవి సంచిలో ఉన్నంతమాత్రాన చాలదు, వాటితో అభ్యాసం ఉండాలి.

మన దేశంలో చండీగఢ్‌లోని రక్షణ పరిశోధనాసంస్థ విభాగం జిల్లాలవారీగా హిమసంపాత హెచ్చరికలు వెలువరిస్తుంది. ఇటువంటి హెచ్చరికలకు ఐరోపాలో ఐదంచెల కొలమానం వాడుకలో ఉంది. అందులో మూడవ అంచె ‘మధ్యస్థం’గా తోచడం ఒక చిక్కు, నాలుగు, ఐదు అంచెలలో యాత్రికులు ఎలాగూ ఆగిపోతారు, మూడవ అంచెలో బయలుదేరుతారు. పైగా జిల్లాకంతటికీ ఇచ్చిన సూచన ఎదుట నిలిచిన ఒక్క వాలు గురించి ఏమీ చెప్పదు. దాని కోణాన్ని కొలవడం, గాలి ఏ దిక్కునుంచి వీచిందో చూడడం, తప్పనిసరైతే ఒకరి తర్వాత ఒకరుగా దాటడం అక్కడ నిలబడ్డవారు చేయవలసిన పనులు.