కార్లు లేని కొండ రోడ్లు: ఆల్ప్స్‌లో సైకిల్‌కి దారి ఎలా దొరికింది?

ఈరోజు టాపిక్ సైకిల్. కానీ గేర్లు, బ్రాండ్లు, ధరలు కాదు. రోడ్డు గురించి మాట్లాడుకుందాం.

కొండ మీద నున్నటి తారు రోడ్డు. మలుపు మీద మలుపు. కానీ వెనక హారన్ లేదు, పక్కనుంచి రాసుకుంటూ పోయే లారీ లేదు. ఇలాంటి రోడ్లు నిజంగానే ఉన్నాయి. యూరప్‌లో ఆల్ప్స్ పర్వతాల్లో చాలా ఉన్నాయి. అవి ఎందుకున్నాయి, ఎన్ని రకాలు, ఎలా వెతకాలి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఏం చూసుకోవాలి, ఇదీ ఈ ఎపిసోడ్. జర్మనీలో, ఇటలీలో ఎం.ఎస్. చేస్తున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా, వాళ్లకి ఇది డైరెక్ట్‌గా పనికొస్తుంది. ఇక్కడున్నవాళ్లకి ఎందుకంటే, చివర్లో మన ఘాట్ రోడ్ల గురించి ఒక ప్రశ్న అడుగుతా.

ముందు ఒక చిన్న క్లారిటీ. మన దగ్గర బైక్ అంటే మోటార్ సైకిల్. అక్కడ 'బైక్ డే' అని బోర్డు కనబడితే అది సైకిళ్ల రోజు. సరేనా?

అసలు ట్రాఫిక్ లేకపోవడం అంత ముఖ్యమా?

ముఖ్యమే. ఎందుకో లెక్క చూద్దాం. ఇటలీలో స్టెల్వియో అని ఒక పాస్ ఉంది. పాస్ అంటే రెండు లోయల మధ్య కొండ దాటే చోటు, మన మాటలో కనుమ. ఎత్తు సుమారు 2,757 మీటర్లు. ప్రాటో అనే ఊరి వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు. దాదాపు 24 కిలోమీటర్ల దూరం, 1,800 మీటర్ల ఎక్కుడు.

మీరూ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. అంత బరువుని 1,800 మీటర్లు పైకి లేపాలంటే దాదాపు 14 లక్షల జౌళ్ల శక్తి కావాలి. ఇంటర్‌లో చదివిన ఎం.జి.హెచ్. ఫార్ములానే, కొత్తదేం కాదు. మామూలు మనిషి నిలకడగా 150 వాట్లు తొక్కగలడు అనుకుంటే, కేవలం ఎత్తు కోసమే రెండున్నర గంటలు దాటుతుంది. గాలి, టైర్ల రాపిడి కలిపితే మూడు గంటలు అనుకోండి. అంటే మూడు గంటలపాటు మీరు గంటకి ఎనిమిది కిలోమీటర్ల స్పీడ్‌లో రోడ్డు మీద ఉంటారు. ఆ స్పీడ్‌లో సైకిల్ కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. వెనకనుంచి వచ్చే కారుకి మీరు దాదాపు ఆగి ఉన్నట్టే. ఎక్కేటప్పుడు ఇదీ సమస్య.

దిగేటప్పుడు సీన్ రివర్స్. మీరే గంటకి 50, 60 కిలోమీటర్లలో ఉంటారు. మలుపు దగ్గర ఎదురుగా బస్సు వస్తే? అందుకే ట్రాఫిక్ లేని కొండ రోడ్డు అంటే లగ్జరీ కాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు భయం లేకుండా నేర్చుకునే చోటు అన్నమాట.

అలాంటి రోడ్లు ఎలా పుట్టాయో చూస్తే ప్రధానంగా నాలుగు దారులు కనిపిస్తాయి.

ఒకటి: రైలు వెళ్లిపోయిన దారి

నాకు బాగా నచ్చిన రకం ఇది. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రానికి పట్టు చాలా తక్కువ. అందుకే మామూలు రైలు నిటారుగా ఎక్కలేదు. కొండల్లో కూడా వంద మీటర్లు ముందుకెళ్తే రెండు మూడు మీటర్లు మాత్రమే ఎక్కేలా లైన్ వేస్తారు. దానికోసం కొండ తొలిచి సొరంగాలు, లోయల మీద వంతెనలు కడతారు. ఆ లైన్ మూతపడితే ఏం మిగులుతుంది? ఎవరో ఎప్పుడో డబ్బు ఖర్చుపెట్టి చదును చేసిన దారి, కార్లతో సంబంధం లేనిది, ఆయాసం రానంత వాలు. సైకిల్‌కి ఇంతకంటే ఏం కావాలి!

ఉదాహరణ, డోలోమైట్స్. ఇటలీ ఉత్తరాన ఉన్న కొండలు. అక్కడ కలాల్జో నుంచి కోర్టినా మీదుగా దోబ్బియాకో దాకా ఒక చిన్న రైలు నడిచేది. 1964లో ఆగిపోయింది. ఇప్పుడు అదే దారి సైకిల్ ట్రాక్. మధ్యలో ఎత్తైన చోటు సుమారు 1,530 మీటర్లు. ఒక హెచ్చరిక: కోర్టినా నుంచి దోబ్బియాకో వైపు ఎక్కువ భాగం కంకర దారి. సన్నటి టైర్లున్న రోడ్ సైకిల్ వేసుకెళ్తే ఇబ్బంది పడతారు.

ఇంకో ఉదాహరణ ఆల్పె ఆడ్రియా రూట్. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ నుంచి ఇటలీలో గ్రాడో సముద్ర తీరం దాకా 400 కిలోమీటర్ల పైచిలుకు. ఆల్ప్స్ మొత్తాన్ని దాటేస్తారు. మొత్తం దారి కార్లు లేనిది కాదు, కొన్నిచోట్ల పల్లె రోడ్లు వస్తాయి. మధ్యలో అసలు కొండని సైకిల్‌తో సహా రైలెక్కి సొరంగంలోంచి దాటతారు. కానీ ఇటలీ సరిహద్దు దాటాక టార్విజియో నుంచి కిందికి దిగే భాగం ఉంది చూశారూ, అది పాత పొంతెబ్బానా రైల్వే లైన్. కొత్త లైన్ చాలావరకు సొరంగాల్లోకి మారిపోయింది, పాత లైన్ సైకిళ్లకి దక్కింది. ఇనప వంతెనలు, లైట్లున్న సొరంగాలు, కింద నది. కియుసఫోర్టె అనే చోట పాత రైల్వే స్టేషన్ ఇప్పుడు సైక్లిస్టులు ఆగి కాఫీ తాగే చోటు. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

రెండు: సొరంగం వచ్చాక ఖాళీ అయిన పాత రోడ్డు

స్విట్జర్లాండ్‌లో గోథార్డ్ పాస్ ఉంది, 2,106 మీటర్లు. యూరప్ ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపే పెద్ద దారి. 1980లో దాని కింద దాదాపు 17 కిలోమీటర్ల రోడ్డు సొరంగం తెరిచారు. దాంతో లారీలు, తొందరలో ఉన్న కార్లు భూమి లోపలికి వెళ్లిపోయాయి. పైన ఇంకో కొత్త రోడ్డు కూడా ఉంది. వీటన్నిటికంటే పాతది ట్రెమోలా. 19వ శతాబ్దంలో వేసిన దారి. గ్రానైట్ రాళ్లు పరిచి, 24 మలుపులతో పాములా పైకి పోతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ట్రెమోలాలో కార్లు నిషేధం కాదు. ఎవరైనా రావచ్చు. కానీ వేగంగా వెళ్లే దారి పక్కనే ఉంటే రాళ్ల రోడ్డు మీద ఎవరు వస్తారు? చూడ్డానికొచ్చేవాళ్లే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లోడ్ అంతా కొత్త సర్వర్‌కి మళ్లింది, పాత సర్వర్ ప్రశాంతంగా నడుస్తోంది. చేతులు మాత్రం రాళ్ల అదురుకి తిమ్మిరెక్కుతాయి, దానికి రెడీగా ఉండండి.

మూడు: శాశ్వతంగా కార్లు రానివ్వని రోడ్లు

స్విట్జర్లాండ్‌లోనే గ్రోస్ షైడెగ్, 1,962 మీటర్లు. మైరింగెన్ నుంచి గ్రిండెల్‌వాల్డ్ వెళ్లే దారి. మైరింగెన్ పక్కనే రైకెన్‌బాఖ్ జలపాతం. షెర్లాక్ హోమ్స్ కథలో హోమ్స్ పడిపోయాడని అందరూ అనుకునే జలపాతం అదే. కింది భాగంలో కార్లు వస్తాయి. ష్వార్జ్‌వాల్డాల్ప్ దాటాక సొంత కార్లకి ప్రవేశం లేదు. సైకిళ్లు, పోస్ట్‌బస్సు అనే పసుపు రంగు బస్సు, అంతే. ఆ బస్సు గుడ్డి మలుపుల దగ్గర మూడు స్వరాల హారన్ కొడుతుంది. ఆ స్వరాలు రోసీనీ రాసిన విలియం టెల్ ఒపెరా సంగీతంలోవి. వినగానే పక్కకి జరగండి. రోడ్డు సన్నం, బస్సు పెద్దది.

ఫ్రాన్స్‌లో కోల్ ద లా లోజ్ ఇంకో రకం. ఎత్తు 2,304 మీటర్లు. స్కీయింగ్ చేసే కొండ మీద, పై భాగాన్ని సైకిళ్ల కోసమనే తారు వేశారు. 2020లో టూర్ ద ఫ్రాన్స్ రేసు దాని మీదికి వెళ్లాక ప్రపంచానికి తెలిసింది. ఇది మాత్రం బిగినర్స్‌కి కాదు. ఎందుకో వినండి, ఇది ఇంట్రెస్టింగ్ పాయింట్. స్టెల్వియో రోడ్డు 1820ల్లో గుర్రబ్బళ్ల కాలంలో వేసింది. గుర్రం లాగాలంటే వాలు ఒకేలా ఉండాలి, అందుకే అన్ని మలుపులు. దూరం పెంచి వాలు తగ్గించారు. లోజ్ పై భాగానికి ఆ కట్టుబాటు లేదు. కొండ ఎలా ఉంటే అలా పోతుంది. కాసేపు తేలిక, ఉన్నట్టుండి 20 శాతం దాటే గోడ. ఒక లయ దొరకదు. కార్లు లేవు కాబట్టి ఈజీ అనుకుంటే పొరపాటే.

నాలుగు: కొన్ని గంటలు మాత్రమే మూసే రోడ్లు

పైన చెప్పిన స్టెల్వియో మామూలు రోజుల్లో మోటార్ సైకిళ్లతో హోరెత్తిపోతుంది. కానీ ఏడాదిలో ఒక రోజు, వేసవి చివర్లో, మోటార్ బళ్లని ఆపేసి సైకిళ్లకి వదిలేస్తారు. డోలోమైట్స్‌లో సెల్లారోండా బైక్ డే కూడా అంతే. సెల్లా కొండ చుట్టూ నాలుగు పాస్‌లు, 50 కిలోమీటర్ల పైచిలుకు. ఇవి రేసులు కావు. మెడల్ లేదు, టైమింగ్ లేదు. పిల్లలు, తాతయ్యలు, బ్యాటరీ సైకిళ్ల వాళ్లు, అందరూ వస్తారు. ఫ్రాన్స్‌లో గాలిబియే, ఇజోవార్ లాంటి పాస్‌లని వేసవిలో కొన్ని ఉదయాలు ఇలాగే సైకిళ్లకి కేటాయిస్తారు. తేదీలు ఏటా మారతాయి, వెళ్లేముందు అక్కడి టూరిజం సైట్‌లో చూసుకోవాల్సిందే.

ఎలా వెతకాలి?

ఫోన్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో నడిచే సైక్లింగ్ యాప్ ఏదైనా తీసుకోండి. ఆ మ్యాప్‌లో ప్రతి రోడ్డుకీ ట్యాగ్‌లుంటాయి. మోటార్ బళ్లకి అనుమతి ఉందా, పైన తారా కంకరా, అన్నీ రాసి ఉంటాయి. ఒక ట్రిక్ చెప్తా. మ్యాప్‌లో పొడవాటి సొరంగం కనిపిస్తే దాని మీదుగా మెలికలు తిరిగే పాత రోడ్డు ఉందేమో వెతకండి. ఒక్క విషయం, మ్యాప్ కంటే రోడ్డు మీద బోర్డు గొప్పది. బోర్డు వద్దంటే వద్దు.

దిగేటప్పుడు జాగ్రత్త

కార్లు లేవు కదా అని చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పైకి ఎక్కించిన ఆ 14 లక్షల జౌళ్లు దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. నాలుగు లీటర్ల చల్లటి నీళ్లని మరిగించేంత వేడి అది. కొంత గాలి తీసుకుంటుంది, మిగతాది మీ బ్రేకులు మోయాలి. అందుకే:

అద్దె సైకిల్ అయితే బయల్దేరేముందు రెండు బ్రేకులూ నొక్కి చూడండి. మన దగ్గర లాగే ముందు బ్రేకు కుడి చేతికే ఉంటుందని అనుకోవద్దు, తిప్పి ఉండొచ్చు. మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకి ముందే స్పీడ్ తగ్గించండి. అదేపనిగా బ్రేకు పట్టుకుని ఉండకుండా, పట్టి వదులుతూ దిగండి. రోడ్డు మూసిన రోజు కూడా కుడిపక్కనే ఉండండి, ఎదురుగా ఎక్కేవాళ్లు ఉంటారు. అక్కడ కుడివైపు నడుస్తారు, మన అలవాటు ఎడమ, అలిసిపోయినప్పుడు మెదడు పాత అలవాటుకే పోతుంది. ఇక జాకెట్. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. స్టెల్వియో పైన కింద కంటే 12 డిగ్రీలు చల్లగా ఉంటుంది. చెమటతో తడిసిన బట్టలతో దిగితే వేళ్లు బిగుసుకుపోతాయి. బిగుసుకుపోయిన వేళ్లతో బ్రేకు పట్టలేరు.

ఇప్పుడు మన సంగతి

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. పైన సోలార్ ప్యానెళ్లు, కింద సైకిళ్లు. అంటే విడిగా దారి ఇవ్వాలన్న ఆలోచన మనకి కొత్త కాదు. కానీ అది చదును నేల. కొండ?

హార్స్‌లీ హిల్స్ తీసుకోండి. మదనపల్లె దగ్గర. ఆ ఘాట్ రోడ్డు పైకి వెళ్లి అక్కడితో ఆగిపోతుంది, ఇంకో ఊరికి దారి కాదు. నెలకో ఆదివారం, తెల్లవారుజామున మూడు గంటలు సైకిళ్లకి వదిలితే ఆగిపోయే లారీలు ఉండవు. అయితే పైన ఉండేవాళ్లకి కిందికి రావడానికి అదే దారి. కాబట్టి అంబులెన్స్ ఎప్పుడైనా వెళ్లాలి, పైవాళ్ల బండికి దారి వదలాలి, ముందే వాళ్లని అడగాలి. అదే అరకు ఘాట్ అయితే నేను ఒప్పుకోను. అది ఎన్నో ఊళ్లకి బస్సు వచ్చే దారి. మన సరదా కోసం ఒకరి ఆస్పత్రి ప్రయాణం ఆపకూడదు కదా.

ఆల్ప్స్ నుంచి నేర్చుకోవాల్సింది ఇదే అనిపిస్తుంది నాకు. ఆ రోడ్లలో ఏదీ తనంతట తాను ఖాళీ అవ్వలేదు. ఎవరో కూర్చుని, ఏ రోడ్డు, ఏ రోజు, ఎన్ని గంటలు, ఎవరికి ఇబ్బంది అని లెక్కేసి నిర్ణయం తీసుకున్నారు. కొండలు మనకీ ఉన్నాయి, లెక్క వేయడమే మిగిలింది.

మీ ఊరి దగ్గర ఇలా ఉదయం పూట సైకిళ్లకి వదలగలిగే ఘాట్ రోడ్డు ఏది? పేరొక్కటే కాదు, అక్కడ ఉండేవాళ్ల సంగతి కూడా ఆలోచించి కామెంట్‌లో రాయండి. యూరప్‌లో ఉన్నవాళ్లు ఈ వేసవికి ప్లాన్ చేస్తుంటే పొంతెబ్బానా దారితో మొదలుపెట్టండి, స్టెల్వియో తర్వాత చూద్దురుగాని. హెల్మెట్ మర్చిపోకండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.