దక్షిణము నుండియా, దక్షిణమునకా?

నాంపల్లి స్టేషనుకు హైదరాబాదు దక్కన్ అని పేరు. దక్కన్ అనునది దక్షిణ శబ్దము నుండి పుట్టినదే. తెలుగులో దక్షిణమను మాటకు విభక్తి చేర్చి అన్ని అర్థములను తెలుపుదుము. ఇంగ్లీషులో ఒక్కొక్క అర్థమునకు ఒక్కొక్క మాట యున్నది.

‘సౌత్’ దిక్కు పేరు. ‘సదరన్’ అనగా దక్షిణ ప్రాంతమునకు చెందినది. ఇందు చలనము లేదు. 1951లో ఏర్పడిన సదరన్ రైల్వే బండ్లు ఉత్తరమున ఢిల్లీకిని పోవును. ‘సౌత్‌వర్డ్’ అనగా దక్షిణము వైపునకు. ఆబిడ్స్ నుండి అఫ్జల్‌గంజ్‌కు నడచువాని నడక అట్టిది.

చిక్కంతయు ‘సదర్లీ’తోనే. ఇది గాలికి చేరినచో దక్షిణము నుండి వచ్చునదనియు, నీటి ప్రవాహమునకు చేరినచో దక్షిణమునకు పోవునదనియు అర్థము. గాలికి వచ్చు దిక్కును, ప్రవాహమునకు పోవు దిక్కును చెప్పుట శాస్త్ర సంప్రదాయము. నవంబరులో ఈశాన్యపు గాలి వీచునపుడు మన కోస్తా వెంట ప్రవాహము నైరుతికి సాగును. పేర్లు ఎదురెదురు, పోకడ ఒక్కటే!

ఆబిడ్స్‌లో అగ్నిప్రమాదము జరిగి పొగ లేచినదనుకొనుడు. గాలి ‘సదర్లీ’ అని వార్త. దానిని ‘దక్షిణమునకు వీచు గాలి’ అని అనువదించినచో జనులు ఉత్తరముగా పరుగిడుదురు. పొగయు హుస్సేన్‌సాగరు వైపునకు, వారి వెంటనే వచ్చును. ‘దక్షిణపు గాలి’ అన్నచో ప్రమాదము లేదు. తూర్పుగాలి, పడమటిగాలి అని మన రైతులు గాలిని వచ్చు దిక్కుతోనే పిలుతురు గదా! అనువాదకుడు గాలికి ‘నుండి’, నీటికి ‘కు’ అని గుర్తుంచుకొనిన చాలును.