కొండదారిలో కారపు కవచం

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు వేసవి వచ్చిందంటే యాత్రల కాలం వచ్చినట్లే. బడులకు సెలవులు, స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులు, అద్దెకు తీసుకున్న పెద్ద వ్యాను, వెనుక సీటులో పులిహోర డబ్బాలు. ఇంతటి సంబరంతో ఎల్లోస్టోన్, గ్లేసియర్, గ్రాండ్ టీటన్ వంటి జాతీయ ఉద్యానవనాలకు బయలుదేరుతారు. అక్కడ కాలిబాట మొదలయ్యే చోట ఒక హెచ్చరిక పలక ఎదురవుతుంది. ఇది ఎలుగుబంట్లు సంచరించే ప్రదేశమనీ, గుంపుగా నడవమనీ, బేర్ స్ప్రే వెంట ఉంచుకోమనీ దాని సారాంశం. ఆ పలక పక్కన నిలబడి ఫొటో తీయించుకొని ముందుకు సాగిపోయేవారు ఉన్నారు. డబ్బా కొని, వీపు సంచి అడుగున భద్రంగా దాచి, ఇక భయం లేదనుకొనేవారూ ఉన్నారు. ఎలుగుబంటి ఎదురైన క్షణాన ఈ ఇరువురి పరిస్థితీ ఒక్కటే. అది ఎందుకో తెలియాలంటే ఆ డబ్బాలో ఏమున్నదో, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

మిరపకాయ మహిమ

బేర్ స్ప్రే అనగా మిరప సారాన్ని వాయువు ఒత్తిడితో మేఘంలా చిమ్మే లోహపు డబ్బా. చూడడానికి ఇళ్లలో వాడే బొద్దింకల మందు డబ్బాను పోలి ఉంటుంది. దానిలో పనిచేసే పదార్థం క్యాప్సైసిన్, దానితోపాటు అదే కుటుంబానికి చెందిన మరికొన్ని రసాయనాలు. గుంటూరు మిరపకాయ కొరికినప్పుడు నాలుకను మండించేది కూడా ఈ క్యాప్సైసినే. మిరపకు పుట్టినిల్లు అమెరికా ఖండాలు. కొలంబస్ యాత్రల తరువాత ఐరోపాకు, ఆపైన పోర్చుగీసువారి ఓడలలో భారతదేశానికి అది చేరింది. అంతకుముందు తెలుగువారి వంటలో కారమంటే మిరియాలదే. ఆ విధంగా మన వంటింటి ప్రాణమైన వస్తువే, తన పుట్టినింటి అడవులలో మన ప్రాణాన్ని కాపాడే సాధనంగా తిరిగి ఎదురవుతున్నది.

శాస్త్రరీత్యా కారం రుచి కాదు, నొప్పి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ ఫ్రాన్సిస్కో శాఖలో డేవిడ్ జూలియస్ బృందం క్యాప్సైసిన్‌ను గుర్తించే నాడీకణ గ్రాహకాన్ని 1997లో కనుగొన్నది. నేడు దానిని టీఆర్‌పీవీ1 అంటారు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి తగిలినప్పుడు మేల్కొనే గ్రాహకమే ఇది. క్యాప్సైసిన్ తగిలినా అది అదే విధంగా మేల్కొంటుంది. కనుకనే వేడి లేకపోయినా ఒళ్లు కాలినట్లు మెదడుకు వార్త చేరుతుంది. ఉష్ణ, స్పర్శ గ్రాహకాల పరిశోధనలకు గాను జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. పక్షుల గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదు. మిరప తోటలో చిలుకలు పండిన కాయలను హాయిగా తినగలగడానికి కారణం అదే. క్షీరదాలకు ఆ వెసులుబాటు లేదు. ఎలుగుబంటి క్షీరదం, పైగా లోకాన్ని ప్రధానంగా ముక్కుతో తెలుసుకునే జంతువు. మిరప మేఘంలో చిక్కుకోగానే దాని కళ్లు మూసుకుపోతాయి, ముక్కు గొంతుల లోపలి పొరలు వాస్తాయి, ఊపిరి ఆడడం కష్టమవుతుంది. దాడి మాట మరచి అది వెనుదిరుగుతుంది. కొంతసేపటికి ఆ బాధ తగ్గిపోతుంది. శాశ్వతమైన హాని ఉండదు.

ఈ ఆలోచన మోంటానా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకొన్నది. 1980ల తొలినాళ్లలో చార్లెస్ జాంకెల్ అనే ఎలుగుబంట్ల నిపుణుని మార్గదర్శకత్వంలో క్యారీ హంట్ అనే పరిశోధకురాలు ఎలుగులను వెనుకకు మరల్చగల సాధనాలను ఒక్కొక్కటిగా పరీక్షించింది. వాటిలో మిరప సారం మేలైనదిగా తేలింది. ఆ దశాబ్దంలోనే అది అమ్మకానికి వచ్చింది. నేడు అమెరికాలో బేర్ స్ప్రే అమ్మాలంటే పర్యావరణ పరిరక్షణ సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. క్యాప్సైసిన్, దాని సంబంధిత పదార్థాలు 1 నుండి 2 శాతం ఉండాలి. డబ్బాలో కనీసం 7.9 ఔన్సుల మందు ఉండాలి. అది 25 అడుగులకు తగ్గకుండా చిమ్మాలి. కనీసం 6 సెకన్లు ఆగకుండా రావాలి. మనుషుల నుండి ఆత్మరక్షణకు తాళపుచెవుల గుత్తికి తగిలించుకొనే చిన్న పెప్పర్ స్ప్రే దీనికి ప్రత్యామ్నాయం కాదు. కొనేటప్పుడు పైపట్టీ మీద ఎలుగుబంట్ల కొరకు అని ఉన్నదా, నమోదు సంఖ్య ఉన్నదా, గడువు తేదీ దాటిందా అన్న మూడు విషయాలు చూడవలసి ఉంటుంది. కాలం గడిచేకొద్దీ డబ్బాలోని ఒత్తిడి తగ్గిపోతుంది గనుక గడువు మీరిన డబ్బాను నమ్మరాదు.

ఒక్క సెకను లెక్క

గ్రిజ్లీ ఎలుగు గంటకు 35 మైళ్ల వేగంతో పరుగెత్తగలదు. అనగా సెకనుకు 51 అడుగులు. అరవై అడుగుల దూరంలోని పొద నుండి అది మీదకు వస్తే మనిషి చేతిలో ఉన్న సమయం ఒక సెకను పైచిలుకు మాత్రమే. ఆ సెకనులో వీపు సంచి దించి, జిప్పు తెరచి, టిఫిను డబ్బాల కింద వెదకి, స్ప్రే బయటకు తీయడం ఎవరి వల్లనూ కాదు. సంచిలో ఉన్న స్ప్రే లేని స్ప్రేతో సమానం. అందుచేతనే దానిని నడుము పట్టీకి గాని, రొమ్ము మీద పట్టీకి గాని ఒరలో పెట్టి ధరించాలని రేంజర్లు పదేపదే చెబుతారు. కుటుంబమంతటికీ ఒక్క డబ్బా కూడా చాలదు. నడక వేగాలలో తేడా వల్ల తాతగారు, మనుమలు, మిగిలినవారు విడివడిపోవడం సహజం. గుంపులోని పెద్దలలో వీలైనంత మంది వద్ద అది ఉండడం మేలు.

అలాస్కాలో 1985 నుండి 2006 వరకు బేర్ స్ప్రే వాడిన 83 సంఘటనలను టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు పరిశీలించి 2008లో ప్రకటించారు. గోధుమ వన్నె ఎలుగుల విషయంలో 92 శాతం, నల్ల ఎలుగుల విషయంలో 90 శాతం సందర్భాలలో స్ప్రే వాటి ఆగడాన్ని ఆపగలిగింది. స్ప్రే దగ్గర ఉండి ఎలుగుకు చేరువలో చిక్కినవారిలో 98 శాతం మందికి గాయాలే కాలేదు. గాయపడినవారు ముగ్గురు, వారిలో ఎవరికీ ఆసుపత్రిలో చేరవలసిన అవసరం రాలేదు. గాలి అడ్డుపడినది 7 శాతం సంఘటనలలో మాత్రమే. అప్పుడు కూడా మందు ఎలుగును చేరింది. స్మిత్ బృందమే తుపాకుల మీద చేసిన మరొక అధ్యయనం 2012లో వెలువడింది. దానిలో తుపాకి పేల్చినవారికీ, ఉండి పేల్చనివారికీ గాయాల విషయంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పరుగున వచ్చే జంతువును తూటాతో కొట్టడానికి గురి కావాలి. మేఘానికి అంతటి గురి అక్కరలేదు. చేతికి అందుబాటులో ఉంటే చాలు.

ప్రయోగించే విధానం

ఎలుగు కనబడగానే పరుగెత్తరాదు. పరుగు దాని వేట స్వభావాన్ని రెచ్చగొట్టవచ్చు. పిల్లలను దగ్గరకు తీసుకొని, మెల్లగా మాట్లాడుతూ వెనుకకు జరగాలి. ఆ సమయంలోనే డబ్బాను ఒర నుండి తీసి సేఫ్టీ క్లిప్ తొలగించి సిద్ధంగా ఉండాలి. అది మీదకు దూకుతూ వస్తే 30 నుండి 60 అడుగుల దూరంలో ఉండగా మీట నొక్కాలి. డబ్బా మూతిని కొంచెం కిందికి వంచితే మేఘం నేలబారుగా పరచుకొని ఎలుగు ముఖానికి ఎదురవుతుంది. అడ్డగాలి ఉంటే దానికి తగినట్లు పక్కకు గురి మార్చుకోవాలి. అది మరలిపోయేవరకు చిమ్ముతూ, మరలిన వెంటనే ఆ చోటు విడిచి రేంజర్లకు తెలియజేయాలి. గాలి ఎదురుతిరిగి తమకే ఘాటు తగిలితే కళ్లు నలపరాదు. మంచిగాలిలోకి జరిగి, ధారాళంగా నీటితో కడగాలి.

మీట నొక్కడం చేతికి అలవాటు కావడానికి మందు లేని అభ్యాసపు డబ్బాలు దొరుకుతాయి. యాత్రకు ముందు పెరటిలో ఒకసారి సాధన చేస్తే, అవసరపు వేళ చేతికి తడబాటు ఉండదు.

మరికొన్ని జాగ్రత్తలు అవసరం. బేర్ స్ప్రే దోమల మందు కాదు. ఒంటికి గాని, గుడారానికి గాని పూసుకొనేది కానే కాదు. నేల మీద మిగిలిన మిరప అవశేషపు వాసనకు గోధుమ వన్నె ఎలుగులు ఆకర్షితమై వచ్చి పొర్లాడిన ఉదంతాలను స్మిత్ 1998లో నమోదు చేశాడు. గాలిలో మేఘంగా ఉన్నప్పుడు తరిమేది, నేలపై ఆరిన తరువాత పిలిచేది కావచ్చునన్నమాట. ఎండలో నిలిపిన కారులో డబ్బాను వదలరాదు. 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పేలిపోయే ప్రమాదం ఉన్నది. విమానంలో చేతిసంచిలోనే కాదు, లోపల వేసే సామానులో కూడా దీనిని అనుమతించరు. కనుక గమ్యం చేరిన తరువాతనే కొనుక్కోవలసి ఉంటుంది. అన్ని చోట్లా నియమాలు ఒకటి కావు. గ్రిజ్లీలు లేని కాలిఫోర్నియాలోని యోసెమిటీ ఉద్యానవనంలో బేర్ స్ప్రే నిషిద్ధం. ఏ ఉద్యానవనానికి వెళితే అక్కడి నియమాన్ని ముందుగా విచారించుకోవాలి.

తాయెత్తు కాదు

డబ్బా నడుముకు ఉన్నది కదా అని ఎలుగు చేరువకు వెళ్లి ఫొటో తీయబోవడం అన్నిటికంటె ప్రమాదకరం. ఎల్లోస్టోన్ నియమం ప్రకారం ఎలుగులకు, తోడేళ్లకు కనీసం 100 గజాల దూరంలో ఉండాలి. ముగ్గురికి తగ్గకుండా కలిసి నడవడం, మలుపుల వద్ద, సెలయేటి హోరు వినిపించే చోట గట్టిగా మాట్లాడుతూ సాగడం, తెల్లవారుజామున, సందెవేళ ఒంటరి నడకలు మానడం ప్రథమ రక్షణలు. ఎలుగు తెలిసి మనిషి మీదకు రావడం అరుదు. ఉలిక్కిపడి, పిల్లల కొరకో ఆహారం కొరకో భయపడి మీదపడడమే ఎక్కువ. మన మాటల సవ్వడి ముందే వినిపిస్తే అది తానే తప్పుకొంటుంది.

వాసన మరొక ముఖ్య విషయం. నేతి ఘుమఘుమ, ఇంగువ పోపు, ఆవకాయ వీటిని మైళ్ల దూరం నుండి ఆ ముక్కు పసిగట్టగలదు. గుడారం వేసుకొన్న చోట తిండి పదార్థాలను, పాత్రలను, పళ్లపొడి వంటి వాసన గల వస్తువులను కూడా ఉద్యానవనం వారు ఏర్పరచిన ఇనుప పెట్టెలలోనో, ఎత్తున వేలాడదీసే స్తంభాల మీదనో భద్రపరచాలి. ఒకసారి మనుషుల తిండి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది. చివరకు ప్రజల భద్రత కొరకు దానిని చంపవలసి వస్తుంది. మిగిలిన పులిహోరను పొదలో పారవేసినవారికి ఆ సంగతి ఎన్నటికీ తెలియకపోవచ్చు.

అలాస్కాను మినహాయిస్తే అమెరికా రాష్ట్రాలలో గ్రిజ్లీలు దాదాపు అంతరించే స్థితికి చేరగా, 1975లో వాటికి చట్టరక్షణ కల్పించారు. ఆనాడు ఎల్లోస్టోన్ పరిసరాలలో సుమారు 136 ఉండేవని అంచనా. నాటి నుండి నేటికి వాటి సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. ఒక తుపాకి పేలితే సాధారణంగా ఒక ప్రాణం పోతుంది. ఒక స్ప్రే పనిచేస్తే రెండు ప్రాణాలు నిలుస్తాయి: మనిషి ఇంటికి చేరుతాడు, ఎలుగు అడవికి చేరుతుంది. అందుకు కావలసినది అరచేతిలో ఇమిడే ఒక డబ్బా, అది నడుముకు ఉండాలన్న చిన్న క్రమశిక్షణ. ఈ వేసవిలో పెద్దలను, పిల్లలను వెంటబెట్టుకొని కొండదారి పట్టేవారు వ్యాను దిగగానే మంచినీళ్ల సీసాల కంటె ముందు చూసుకోవలసినది ఆ ఒరనే.