ఆవుపాల పరిశుభ్రతకు పశువుల పాకలోనే పునాది

చిత్తూరు ప్రాంత గ్రామాలలో సంకరజాతి ఆవుల పెంపకం ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. రైతు పోసిన పాలకు వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం చూసి ధర కట్టడం సేకరణ కేంద్రాలలో ఆనవాయితీ. పాలలో సూక్ష్మక్రిములు ఎన్ని ఉన్నాయన్నది సాధారణంగా ఆ లెక్కలోకి రాదు. అయితే వేసవిలో కాచి చూసే పరీక్షలో పాలు విరిగి, క్యాను తిరస్కరణకు గురైనప్పుడు నష్టం మాత్రం పాడి రైతుదే.

ఆరోగ్యవంతమైన ఆవు పొదుగులోని పాలలో సూక్ష్మక్రిములు అతి స్వల్పం. కాలుష్యమంతా దాదాపు ఆ తరువాత చేరేదే. పొదుగుకు అంటిన పేడ, పితికేవారి చేతులు, పాకలో లేచే దుమ్ము, క్యాను మూత అంచున ఎండిన పాలు ఇందుకు ప్రధాన కారణాలు. చేపు కోసం దూడను వదిలినప్పుడు చన్నులకు అంటిన చొంగను కడగకుండానే పితకడం, వేళ్లను పాలలోనే ముంచి తడుపుకోవడం అనేక ఇళ్లలో కనిపించే అలవాట్లు. ఇవి పైకి చిన్నవిగా తోచినా క్రిములు నేరుగా పాలలో చేరేది ఈ మార్గాల్లోనే.

30 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో అనేక రకాల క్రిములు సుమారు అరగంటకు ఒకసారి రెట్టింపు కాగలవు. అప్పుడే పితికిన పాలలోని సహజ నిరోధక పదార్థాలు వీటిని కొంతసేపే అడ్డగలవు. ఆ పిమ్మట మిల్లీలీటరుకు 10 వేల క్రిములున్న పాలు మరో 3 గంటలు చల్లబడకుండా ఉంటే ఆ సంఖ్య 6 లక్షలు దాటగలదు. భారతీయ ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 2 లక్షల లోపు క్రిములున్న పచ్చిపాలు చాలా మంచివి, 10 లక్షల వరకు మంచివి, 50 లక్షలు దాటితే నాసిరకం. ఐరోపా సమాఖ్యలో పచ్చి ఆవుపాలకు పరిమితి 1 లక్ష మాత్రమే.

కాచితే క్రిములు పోతాయి కదా అన్న వాదన సగమే నిజం. 72 డిగ్రీల వద్ద 15 సెకన్ల పాశ్చరైజేషన్ క్షయ, బ్రూసెల్లోసిస్ కారక క్రిములను నశింపజేస్తుంది. కానీ స్టెఫిలోకాకస్ క్రిములు అప్పటికే విడుదల చేసిన విషపదార్థం వేడికి లొంగదు. ఏర్పడిన పులుపూ వెనక్కి పోదు. 4 డిగ్రీలకు చల్లబరచడం క్రిముల పెరుగుదలను మందగింపజేస్తుందే తప్ప వాటిని తగ్గించదు. పైగా సూడోమోనాస్ వంటివి ఆ చల్లదనంలోనూ పెరుగుతాయి. పులుపును కప్పిపుచ్చేందుకు వంటసోడా కలపడం చట్టరీత్యా కల్తీయే. సోడా పులుపును విరుస్తుంది గాని క్రిములను చంపదు.

పితికే ముందు పొదుగును కడిగి, ఒక్కో పశువుకు ఒక్కో పొడిగుడ్డతో తుడవాలి. తొలి ధారలను నల్లగుడ్డ కట్టిన గిన్నెలో పిండితే పొదుగువాపును సూచించే తరకలు బయటపడతాయి. అటువంటి ఆవును చివరగా పితికి, ఆ పాలను వేరుగా పారబోయాలి. పితికిన అరగంట వరకు చనురంధ్రం పూర్తిగా మూసుకోదు. అందువల్ల వెంటనే మేత వేసి ఆవును నిలబడేటట్లు చూడటం మేలు. పాత్రలను మొదట చన్నీటితో, పిదప డిటర్జెంటు కలిపిన వేడినీటితో కడిగి బోర్లించి ఆరబెట్టాలి.

సేకరణ కేంద్రంలో పెద్ద యంత్రాలు లేకున్నా మిథిలీన్ బ్లూ పరీక్ష చేయవచ్చు. పాలలో కలిపిన నీలిరంగు ఎంత త్వరగా వెలిస్తే క్రిములు అంత అధికమని అర్థం. ఈ ఫలితానికి ధరలో చోటు లేనంతకాలం అదనపు శ్రమను రైతు నుంచి మాత్రమే ఆశించడం సమంజసం కాదు.

బ్రూసెల్లోసిస్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈడ్చుకుపోయిన ఆవుల స్రావాల ద్వారా, పచ్చిపాల ద్వారా ఇది మనుషులకు సోకి, దీర్ఘకాలిక జ్వరాన్ని, కీళ్ల నొప్పులను కలిగిస్తుంది. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల వయసు గల పెయ్యదూడలకు ఒక్కసారి టీకా వేస్తారు.