మూడుసార్లు అమ్ముడైన గుమ్మడికాయ

క్రిస్మస్ షాపింగ్ మీద ముఖచిత్రం కావాలి, గురువారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి అన్నారు ఎడిటర్‌గారు. విజయవాడ బీసెంట్ రోడ్డు రద్దీ, కాగితం స్టార్లు, ప్లమ్ కేకులు, డిస్కౌంట్ బోర్డులు ఏటా రాసేవే. పండుగ బజారుపాలైపోయిందని వాపోయే ప్రసంగమూ ఏటా వినేదే. దాని మీద నాకు పెద్దగా గురి లేదు. ప్రసంగం చెప్పే అయ్యగారి పిల్లలకూ కొత్తబట్టలు కావాలి కదా! ఈలోగా కృష్ణా డెల్టాలోని ఒక పల్లెలో క్రైస్తవ గుడి కోశాధికారి దగ్గర ఒక లాంగ్‌బుక్ కంటపడింది. రాసుకున్న మిగతా నోట్సంతా పక్కన పడేశాను.

అది కోతల పండుగ వేలంపాట లెక్క. వస్తువు, తెచ్చినవారు, పాట పాడినవారు, రూపాయలు అని నాలుగు గళ్లు. కొత్త బియ్యం, అరటిగెల, నాటుకోడిపుంజు, చెంబుడు నెయ్యి, ఎవరో ముసలమ్మ తెచ్చిన ఆరు గుడ్లు. కొన్నింటి కింద చిన్న అక్షరాల్లో కారణం కూడా ఉంది. కోడలి కాన్పు సుఖంగా జరిగినందుకు. పిల్లాడు పాసైనందుకు. తుపానుకు చేను పడిపోయినా తిండిగింజలు దక్కినందుకు.

ఆరాధనలో వీటన్నిటినీ బలిపీఠం ముందు పెట్టి ప్రార్థన చేస్తారు. తర్వాత బయట షామియానా కింద పాట. ఈ పుస్తకంలో గుమ్మడికాయ మూడు వరసలు ఆక్రమించింది. మొదట 300. పాడినాయన డబ్బు కట్టి, కాయను మళ్లీ గుడికే ఇచ్చేశాడు. రెండోసారి 450. ఆవిడా అంతే. మూడోసారి 700. “బజార్లో నలభై ఇవ్వమన్నా బేరమాడతారండీ వీళ్లే” అని నవ్వాడు కోశాధికారి. ఆ మాటే ఈ కథనమంతా. కొనేవాడే పంతం పట్టి ధర పెంచే దుకాణం ఇంకెక్కడుంది? అయితే అందులో భక్తి ఒక్కటే ఉందనుకోను. పెదకాపుగారిని మించి పాడాలన్న పట్టుదలా ఉంది, టెక్సస్ నుంచి వాట్సాప్ వీడియోలో పాట పెంచే మేనల్లుడి దర్జా కూడా ఉంది. ఆరు గుడ్ల ముసలమ్మ మాత్రం ఏ పాటా పాడలేదు.

తెలుగు క్రైస్తవ సంఘాల చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1841లో మచిలీపట్నానికి చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) మిషనరీలు నోబుల్, ఫాక్స్ వచ్చారు. 1912లో వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. కరువులో పనిచ్చి తిండిపెట్టిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. ఇళ్లలో వంటకు ముందు దేవుడి పేరున గుప్పెడు బియ్యం తీసిపెట్టే అలవాటు పల్లె సంఘాల్లో ఇప్పటికీ ఉంది.

ఆ లాంగ్‌బుక్ చివర ఇంకో గడి ఉంది. ‘బాకీ’. పాట పాడినవాళ్లలో చాలామంది డబ్బు అప్పటికప్పుడు కట్టరు. ధాన్యం అమ్మాక ఇస్తారు. “డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వచ్చేలోపు వసూలైపోతాయి, కాకపోతే సంక్రాంతి” అన్నాడు కోశాధికారి, ఏమాత్రం కంగారు లేకుండా. ఈలోగా అదే ధాన్యం డబ్బు మీద బట్టలకొట్టు ఖాతా కూడా ఉంటుంది. ముందు ఏది తీరుస్తారని అడిగితే సమాధానం దాటేశాడు.

బాక్సులోకి నెట్టినవి

సెమీ క్రిస్మస్: డిసెంబరు మొదట్లోనే ఆఫీసులు, కాలేజీలు కేకు కోసేసి ముగించే పండుగ. అసలు క్రిస్మస్ నాటికి సగం మందికి కేకు మొహం మొత్తిపోతుంది.

ముందుకు జరిగిన కృతజ్ఞత: అమెరికా సంగతి. 1939లో నవంబరుకు ఐదు గురువారాలు వచ్చాయి. చివరి గురువారం థాంక్స్‌గివింగ్ చేస్తే క్రిస్మస్ అమ్మకాలకు రోజులు చాలవని వర్తకులు మొరపెట్టుకున్నారు. అధ్యక్షుడు రూజ్వెల్ట్ పండుగను 30 నుంచి 23కు జరిపారు. రాష్ట్రాలు రెండుగా చీలిపోయాయి. చివరికి 1941లో నాలుగో గురువారమే అని చట్టం చేశారు. ఇప్పుడు మనవాళ్లు అంతమంది ఉన్న టెక్సస్, 1939లో రెండు గురువారాలూ పండుగ చేసుకుంది.